రేడియేటర్‌లో నీళ్లు

తిరువూరు నుంచి గంపలగూడెం పోయే బస్సుకి ఒకప్పుడు వింత జబ్బు ఉండేది. తొలకరి పడి నాట్లు మొదలయ్యాయంటే చాలు, ఊరి బయట మామిడి తోటలు దాటగానే, స్టాపు లేని చోట దాని ఇంజను వేడెక్కేది. డ్రైవరు అంతోనయ్య బస్సుని రోడ్డు పక్కకి తీసి, "రేడియేటర్‌లో నీళ్లు పోయాలి" అని ఒక్క మాట చెప్పి, డబ్బా పట్టుకొని పొలంలోకి దిగేవాడు. వేరే డ్రైవరు తోలిన రోజున అదే బస్సు అదే ఎండలో నిక్షేపంలా నడిచేది. ఆలస్యమైపోతోందని జనం గొణిగితే కండక్టరు శాంతయ్య, "ఆగండమ్మా, బండికి దాహం" అని సర్దిచెప్పేవాడు. జబ్బు బండిది కాదని ఆయనకి మొదటి రోజే తెలుసు.

ఆ జబ్బు పేరు పుల్లమ్మ. నాట్లేసే ముఠాలో పాట ఎత్తుకునే మనిషి ఆమె. ఒకరు ఎత్తుకోవాలి, వరసలో వంగినవాళ్లంతా అందుకోవాలి, చేతులు పాటతోపాటు కదలాలి. అదీ నాటు పాట పద్ధతి. పాట బాగా సాగితే మడి తొందరగా నిండుతుంది కాబట్టి, పుల్లమ్మ ఉన్న ముఠా కోసం రైతులు పోటీ పడేవారు. సన్నగా మొదలై చివర కాస్త జీర పలికే గొంతు. ఇంజను మోతలోంచి దాన్ని ఎలా విన్నాడో అంతోనయ్యకే తెలియాలి. కొంగతో మాట్లాడే పాట ఒకటి ఆమె ఎక్కువగా పాడేది. అంతోనయ్య డబ్బాతో గట్టెక్కడం రివాజయ్యాక ఆ పాటకి కొత్త చరణం పుట్టింది.

నీళ్ల డబ్బా పట్టుకొచ్చి నిలబడ్డాడే కొంగా,
దాహమెవరిదో చెప్పకుండా నవ్వుతాడే కొంగా!

ముఠా అంతా నడుములు ఎత్తి పకపకా నవ్వింది. అంతోనయ్య నీళ్లు నింపుకోకుండానే ఖాళీ డబ్బాతో బస్సు దగ్గరికి పరిగెత్తాడు. మరుసటి ఏడు ఈస్టరు వెళ్లాక ఇద్దరికీ పెళ్లయింది.

పెళ్లితో కథ కంచికి పోవాలి. ఈ కథ కాలవలోకి పోయింది.

డ్యూటీలో ఉన్నంతసేపూ అంతోనయ్య చుక్క ముట్టేవాడు కాదు. డ్యూటీ దిగితే మాత్రం ఆయన్ని పట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు. శాంతయ్యా ఆయనా బస్టాండు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో కొట్టునీ పలకరించుకుంటూ మధిర రోడ్డు దాకా పోయేవారు. చివరికి ఎవరు ఎవర్ని ఇంటికి చేర్చారో ఇద్దరికీ తెలిసేది కాదు. మద్యనిషేధం ఎత్తేసిన మరుసటి ఏడు, ఒక ఆదివారం, విస్సన్నపేటలో చుట్టాలింట్లో విందు తిని, తాగి, మోపెడ్ మీద తిరిగి వస్తున్నాడు. వెనక పుల్లమ్మ, ఆమె ఒళ్లో ఏడాది నిండని కూతురు గ్లోరి. బండిని తిన్నగా కాలవలోకి దించాడు. నీళ్లు మోకాటి లోతే కాబట్టి సరిపోయింది. బస్సుకి ఏనాడూ గీత కూడా పడనివ్వని మనిషి, సొంత బిడ్డని బురదలోంచి ఎత్తుకున్నాడు.

పుల్లమ్మ అరవలేదు, ఏడవలేదు. గుణదల మాత తిరునాళ్లు వచ్చేదాకా ఆగి, మొగుణ్ణి నడిపించుకుంటూ తీసుకుపోయింది. గుండు కొట్టించి, మాత ముందు నిలబెట్టి, "ఇక ముట్టనని చెప్పు" అంది. చెప్పాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాడు. కానీ పుల్లమ్మ పుట్టింట్లో ఒక ఆనవాయితీ ఉంది. దేవుణ్ణయినా ఊరికే అడగకూడదు, అడిగినదానికి బదులుగా తనకి ఇష్టమైనదేదో వదులుకోవాలి.

"తల్లీ, ఇవ్వడానికి నా దగ్గర పెద్దగా ఏం లేదు. నా పాట నీకిచ్చేస్తున్నా" అంది పుల్లమ్మ, పక్కవాళ్లకి కూడా వినపడేట్టు. "ఈయన ముట్టనన్నాళ్లూ నేను పాడను."

కోపంలో అన్న మాట, నాలుగు రోజుల్లో మర్చిపోతుందనుకున్నాడు అంతోనయ్య. పుల్లమ్మ సంగతి ఆయనకి అప్పటికింకా పూర్తిగా తెలియదు. గ్లోరిని జోల పాడకుండా వీపు తట్టి నిద్రపుచ్చింది. గుడిలో కీర్తన మొదలైతే పుస్తకం తెరిచి, పెదాలు మూసుకొని నిలబడేది. గ్లోరి పెళ్లిలో ఆడవాళ్లంతా చుట్టూ చేరి పీడిస్తే, వంటల దగ్గర పని ఉందని లేచిపోయింది. గ్లోరి ఇప్పుడు విస్సన్నపేటలో టీచరు. పిల్లలకి రోజూ పాటలు నేర్పుతుంది, తల్లి పాట మాత్రం ఎరగదు.

మందు మానినందుకు అంతోనయ్యని విచారణంతా, అంటే ఆ చర్చి కింద జనమంతా, మెచ్చుకునేది. తాగుబోతుల్ని బాగుచేయాలంటే ఫాదర్లు గుడిలో ఆయన్నే లేపి మాట్లాడించేవారు. మాట్లాడి కూర్చున్నప్పుడల్లా ఆయనకి సిగ్గేసేది. తప్పు చేసింది తను, పోగొట్టుకున్నది ఆమె. మొదట్లో మందు గుర్తొచ్చి నిద్ర పట్టేది కాదు. తరవాత తరవాత ఇంట్లో ఆ నిశ్శబ్దానికే ఎక్కువ బాధపడేవాడు. రిటైరయ్యాక గంపలగూడెం రోడ్డు మీద స్కూటరేసుకొని తిరిగేవాడు. ఆ చేలల్లో సగం పత్తి వేశారు. మిగతా సగంలో నాట్లకొచ్చేవాళ్లు సెల్లులో పాటలు పెట్టి గట్టు మీద ఉంచుకుంటున్నారు. శాంతయ్య పోయాడు. నీళ్ల డబ్బా చరణం గుర్తున్నవాళ్లు ఇక ఈ భూమ్మీద ఇద్దరే, అందులో ఒకరు పాడరు, ఒకరికి పాడటం రాదు.

ఇలా ఉండగా విచారణ తరఫున ఫాదర్ ఇమ్మాన్యుయేల్ పోర్చుగల్ యాత్ర పెట్టారు. ఫాతిమా మాత గుడి, ఆ తరవాత లిస్బన్‌లో పునీత అంతోనివారు, అదే సెయింట్ ఆంథోనీ, పుట్టిన చోట కట్టిన గుడి. గ్లోరి పట్టుబట్టి అమ్మానాన్నల పేర్లు రాయించింది. పోయిన వస్తువులు దొరికించే పునీతుడని అంతోనివారికి పేరు. తిరువూరులో గేదె తప్పిపోయినా, ఉంగరం పోయినా ఆయనకే కొవ్వొత్తి వెలిగిస్తారు. ఆయన పేరే పెట్టుకున్న అంతోనయ్య, ఆ పేరింటి పెద్దమనిషిని ఎదురుగా ఒకటి అడగాలని విమానమెక్కాడు. ఏం అడగబోతున్నాడో ఎవరికీ చెప్పలేదు. పుల్లమ్మ పాట దొరికించమని.

ఫాతిమాలో మోకాళ్ల మీద నడిచే దారి ఒకటి ఉంది. మెట్లెక్కితేనే అమ్మా అనే పుల్లమ్మ, చీర కుచ్చిళ్లు సర్దుకొని ఆ దారి పొడుగునా మోకాళ్ల మీద పోయింది. "దేనికే ఇంత కష్టం?" అంటే జపమాల పూస తిప్పి ఇంకాస్త ముందుకి జరిగింది. గ్లోరికి పిల్లలు పుట్టాలని కాబోలు అనుకున్నాడాయన.

ఆ సాయంత్రానికే బస్సు లిస్బన్ చేరింది. మర్నాడు అంతోనివారి పండుగ. పొద్దున్నే పూజ ఉంది, అందరూ పడుకోండని ఫాదర్ చెప్పారు. పడుకోవడానికి అక్కడ చీకటి పడితేనా? మన లెక్కన అన్నాలు తినే వేళకి కూడా ఎండ కాస్తూనే ఉంది. "పేరింటి పండుగ పెట్టుకొని గదిలో కూర్చోనా?" అని అంతోనయ్య పుల్లమ్మని వెంటబెట్టుకొని దగ్గర్లోనే ఉన్న గుడికి బయల్దేరాడు. సందులన్నిటా రంగు కాగితాల తోరణాలు, అరుగుల ముందు నిప్పుల మీద చేపలు కాలుస్తున్న పొగ, గుమ్మాల్లో గుండ్రంగా కత్తిరించిన చిన్న చిన్న మొక్కల కుండీలు. పుల్లమ్మ ఒక మొక్కని అరచేత్తో నిమిరి వాసన చూసి, "అచ్చం మన రుద్రజడే" అంది.

గుడి ముందు ఒక గుంపు పోగై ఉంది. మధ్యలో ఎర్ర జెండా పట్టుకున్న అమ్మాయి, అందరి మణికట్లకీ కాగితం పట్టీలు కడుతోంది. తిరువూరులోనూ పండుగ ముందురోజు సాయంత్రం ప్రదక్షిణ ఉంటుంది. ముందు జెండా, వెనక జనం, నడిచేవాళ్ల చేతికి రిబ్బను. పునీతుడి గుడి, పునీతుడి పండుగ, జెండా, రిబ్బను, ఇంకేం కావాలి? అంతోనయ్య కానుక ఇచ్చి చెయ్యి చాపాడు.

జెండా అమ్మాయి పేరు ఇనెస్. తలమీద చెంగు కప్పుకొని జపమాల పట్టుకున్న పుల్లమ్మ వంక అనుమానంగా చూసి, "మీరు కూడానా? షూరేనా?" అన్నట్టు ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"షూర్, షూర్. అయామ్ ఆంథోనీ" అన్నాడు అంతోనయ్య.

పునీతుడి పండుగకి పునీతుడి పేరున్నవాడు వచ్చాడని తెలిసేసరికి ఇనెస్ కేరింత కొట్టి, గుంపుకంతా చాటి చెప్పింది. కుర్రకారంతా "ఆంథోనీ!" అని అరిచారు. ఎంత భక్తి ఈ పిల్లలకి అని పుల్లమ్మ మురిసిపోయింది. జెండా కదిలింది. పుల్లమ్మ జపమాల మొదలుపెట్టింది.

కాసేపటికి జెండా ఒక కొట్టు ముందు ఆగింది. అందరికీ బుల్లి బుల్లి గ్లాసుల్లో ఎర్రటి పానకం పంచారు. ప్రదక్షిణ ఆగిన ఇంటివాళ్లు మజ్జిగో రస్నాయో ఇవ్వడం మన దగ్గరా ఉన్నదే. పుల్లమ్మ సిలువ గుర్తు వేసుకుంది. ఆమెని చూసి పక్కనున్న ఇద్దరు పిల్లలూ వేసుకున్నారు. గ్లాసు పెదాలకి తగిలించి, మొహం చిట్లించింది.

"దగ్గు మందులా ఉందేంటయ్యా?"

అంతోనయ్య ముక్కుకి అప్పటికే సంగతి అర్థమైపోయింది. "దగ్గుది కాదే, ఉత్త మందే. పెట్టెయ్ కింద!"

పుల్లమ్మ కొట్టు లోపలికి తొంగిచూసింది. గోడ నిండా సీసాలు. "ఓరి నీ ప్రదక్షిణ మండిపోనూ! బ్రాందీ షాపులు తిప్పడానికి జెండా ఒకటా?"

తిప్పడానికే. ఒక షాపు తరవాత ఒక షాపు, అందరూ కలిసి, దారి చూపించే మనిషితో. అదక్కడ యాత్రికుల సరదా. వెనక్కి పోదామంటే ఎక్కుతూ దిగుతూ వచ్చిన సందులు ఒక్కటీ గుర్తులేవు. "లాస్ట్ షాప్, చర్చ్ దగ్గర" అని ఇనెస్ చేతులతో చూపించి చెప్పింది. ఇక జెండా వెనక నడవడం తప్ప దారి లేదు. ఇనెస్ ఇద్దరికీ ఆరెంజి జ్యూసు ఇప్పించింది.

"తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఫాదర్ చూశారంటే చచ్చాం" అంటూనే పుల్లమ్మ జ్యూసు పూర్తిగా తాగింది.

నడుస్తుంటే అంతోనయ్యకి శాంతయ్య గుర్తొచ్చాడు. "చూశావా, మనం జెండా లేకుండానే చేసిన పనికి వీళ్లు టిక్కెట్టు పెట్టారు" అంటే ఎంత నవ్వేవాడో! ముందు షాపులో పాట, వెనక షాపులో పాట, కుర్రాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకొని తూలుతున్నారు. అంతోనయ్యకి ఆ తూలడం నచ్చిందో, భయం వేసిందో తెలియలేదు. ఆ కుర్ర వయసు మీద ప్రేమ కలిగింది, అంతే. పుల్లమ్మ మాత్రం వెనకబడ్డ పిల్లల్ని "రండమ్మా, రండి, జెండా పోతోంది" అని అదిలించుకుంటూ నడిచింది. ఆమె తెలుగు అందరికీ అర్థమైంది.

గుడికి దగ్గర్లోని చివరి షాపులో ఇనెస్ ఒక ఆట పెట్టింది. పాట మోగుతున్నంతసేపూ జెండా చేతులు మారుతుంది. పాట ఆగినప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు తమ దేశం పాట పాడాలి. పాడకపోతే పెద్ద గ్లాసెడు తాగాలి. "సింగ్ ఆర్ డ్రింక్!" అని అందరూ బల్లలు గుద్దుతున్నారు. ఆ రెండు ఇంగ్లీషు ముక్కలూ అంతోనయ్యకి అర్థమయ్యాయి.

పాట ఆగింది. జెండా పుల్లమ్మ చేతిలో ఉంది.

పుల్లమ్మ తల అడ్డంగా ఊపింది. గ్లాసు వచ్చి ఆమె ముందు కూర్చుంది. ఆమె మొహం చూసి ఇనెస్ దాన్ని తీసేసి జ్యూసు పెట్టబోయింది. బలవంతం ఎవరూ చేయలేదు. ఈలోగా అంతోనయ్య చెయ్యే పోయి ఆ గ్లాసుని పట్టుకుంది.

ఆయన మనసులో మెదిలింది ఇదీ. ఈయన ముట్టనన్నాళ్లూ నేను పాడను, అంది కదా? అయితే ఒక్క గుక్క ముడితే చాలు, మొక్కు తీరిపోతుంది, పాట విడుదలైపోతుంది. ఇన్నేళ్ల చెర ఒక్క గుక్కతో సరి. పాపం తన నెత్తిన, పాట ఆమెకి. లెక్క బాగానే ఉంది. కానీ గ్లాసు దగ్గరికి వస్తున్నకొద్దీ గొంతులో ఊట ఊరింది. ఆశ పాట మీదో, మందు మీదో ఆయనకే తేలలేదు. అది తేలకుండానే గ్లాసు పెదాల దాకా వచ్చింది.

పుల్లమ్మ చెయ్యి వచ్చి గ్లాసు మూతి మీద పడింది. నాట్లేసి నాట్లేసి గోళ్లు అరిగిన ఆ చెయ్యి గ్లాసుని అలాగే నొక్కిపెట్టింది. ఆమె ఆయన వంక చూడలేదు. ఎదురుగా గోడ వంక చూస్తూ నోరు తెరిచింది.

గట్టు మీది కొంగా, కబురు చెప్పు కొంగా,
నాటు వేసే చేతికెవరు గాజులిస్తారే కొంగా?

గొంతు ముసలిదైపోయింది. మొదటి ముక్క తుప్పు పట్టిన గొళ్లెంలా కిరకిరమంది, రెండో ముక్క సగంలో విరిగింది. పుల్లమ్మ ఆగింది. మళ్లీ ఎత్తుకుంది. ఈసారి చివర ఆ జీర పలికింది, అంతోనయ్య ఇంజను మోతలోంచి విన్న జీర. ఆయన గ్లాసు వదిలేసి బల్ల అంచు పట్టుకున్నాడు.

ఎత్తుకునేవాళ్లు ఉంటే అందుకునేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. మూడో చరణానికి ఏ దేశం పిల్లలో, అర్థం తెలియకుండానే, చివర "కొంగా!" అని అందుకోవడం మొదలుపెట్టారు. బల్లల మీద దరువు పడింది. పుల్లమ్మ నడుము కాస్త ముందుకి వంగింది, చేతులు వాటంతటవే నారు విడదీస్తున్నట్టు కదిలాయి. అప్పుడు ఆమె మొగుడి వైపు తిరిగి, కళ్లల్లోకి చూస్తూ, నీళ్ల డబ్బా చరణం పాడింది.

అంతోనయ్య ఏడ్చాడు. నలుగురిలో ఏడవడం మగతనం కాదనుకునే తరం మనిషి, బ్రాందీ షాపులో నిలబడి, చుక్క తాగకుండా, తాగినవాడిలా ఏడ్చాడు.

ఇనెస్ ఇద్దర్నీ గుడి మలుపు దాకా దిగబెట్టింది.

"మొక్కు పోయింది కదే" అన్నాడు అంతోనయ్య.

"రెండిట్లో ఒకటి పోక తప్పదుగా. నీది పోతే మళ్లీ కాలవలోకే. నాది పోతే ఎవరికేం నష్టం?" అంది పుల్లమ్మ. కాస్త దూరం నడిచాక, "పొద్దున ఫాతిమాలో అడిగాను. ఇచ్చేసింది వెనక్కి అడగకూడదు, తెలుసు. నా గొంతు పూర్తిగా పోకముందు ఒక్కసారన్నా పాడనిస్తావా తల్లీ అన్నాను."

"మరి మాతేమంది?"

"ఏమీ అన్లేదు. సాయంత్రం ఇటు తోలింది."

అంతోనయ్య నవ్వాడు. "అన్ని చరణాలూ ఎట్టా గుర్తున్నాయే నీకు?"

"పాడనని మొక్కుకున్నా గానీ, మర్చిపోతానని మొక్కుకోలేదుగా" అంది పుల్లమ్మ. "రోజూ లోపల్లోపల పాడుకునేదాన్ని. నువ్వేం అడుగుతావు రేపు అంతోనివారిని?"

అసలు సంగతి చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. "స్కూటర్ తాళంచెవి పోయిందిగా, అదే" అన్నాడు.

హోటల్లో ఫాదర్ ఇమ్మాన్యుయేల్ ఎదురొచ్చి, చేతులకున్న పట్టీలు చూసి, ఎక్కడికెళ్లారని అడిగారు. "ప్రదక్షిణకండి ఫాదర్" అంది పుల్లమ్మ, ఏమాత్రం తడబడకుండా.

యాత్ర నుంచి వచ్చి నెల దాటింది. తాళంచెవి ఇంకా దొరకలేదు. అంతోనయ్య మారుది చేయించుకున్నాడు. "నా పాట వచ్చింది కదా అని నీ గ్లాసు రాదు, చెప్తున్నా" అని పుల్లమ్మ మొదటి రోజే తేల్చేసింది. ఆయనా ముట్టలేదు. గుడిలో ఆమె పెదాలు మెల్లగా కదులుతున్నాయి. మొన్న ఆదివారం గ్లోరి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, తల్లి బియ్యం చెరుగుతూ పాడటం విని, లోపలికి పోవడం మర్చిపోయింది.

నిన్న సాయంత్రం అంతోనయ్య బజారు నుంచి వచ్చేసరికి ఇంట్లోంచి కొంగ పాట వినిపించింది. తను లోపలికి పోతే ఆమె ఆపి, కాళ్లు కడుక్కోమంటుంది, కాఫీ అంటుంది. స్కూటర్ ఇంజను ఆపేసి, గేటు బయటే దాని మీద కూర్చుండిపోయాడు. పక్కింటి ఏసురత్నం గోడ మీద నుంచి చూసి, "ఏం మావా, సొంతింటి ముందు అట్టా ఆగిపోయావేంటి?" అని అడిగాడు.

అంతోనయ్య పెదాల మీద వేలు పెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు.

"రేడియేటర్‌లో నీళ్లు పోయాలి."